బ్లావట్‌స్కీ మీద కేసు: ఒక కాకినాడ ప్లీడరు వాదన

పోయిన నెల ఒక మధ్యాహ్నం బార్ అసోసియేషన్ హాల్లో క్యారియర్లు విప్పుకుని కూర్చున్నాం. మా జూనియర్ ఒకతను ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "గురువుగారూ, మీరు ఆదివారం పూట వెళ్లే ఆ దివ్యజ్ఞాన సమాజం పెట్టినావిడ పెద్ద మోసగత్తె అట కదండీ! 1885లోనే లండన్ వాళ్లు తేల్చి పారేశారట" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పెరుగన్నం కలుపుకుంటూ మేడమ్ బ్లావట్‌స్కీ తరఫున వకాల్తా పుచ్చుకోవడం కుదిరే పని కాదు.

కుర్రాణ్ని తప్పు పట్టను. ఆవిడ పేరు ఎక్కడ వెతికినా ముందు తగిలేది ఆ తీర్పే. అతీంద్రియ విషయాలను పరిశోధించే లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ కమిటీ ఆవిణ్ని మహాత్ముల (తనకు లేఖలు పంపుతారని ఆవిడ చెప్పిన అజ్ఞాత గురువుల) దూతగా ఒప్పుకోలేదు, అల్లాటప్పా మాయలాడిగానూ కొట్టిపారేయలేదు. చరిత్రలో నిలిచిపోయేంత నేర్పున్న మోసగత్తె అని రాసిపెట్టింది. అలాంటి వాక్యం ఒకటి పడ్డాక దాని వెనకున్న 200 పేజీలు ఎవరు చదువుతారు?

నేను చదివాను. ప్రోనోటు దావాలు, వీలునామా తగాదాలు నడిపీ నడిపీ జుట్టు నెరిసినవాడిని కాబట్టి ఆ కళ్లతోనే చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ నివేదిక మీద ఆవిడకు శిక్ష వేయడం కుదరదు. అలాగని ఆవిడ చేసినట్టు చెప్పే అద్భుతాలను వెనకేసుకు రావడమూ కుదరదు. మా సమాజం వాళ్లు ఈ రెండో మాట ఒప్పుకోరు. అందుకే మొదటి మాట ఎవరి చెవికీ ఎక్కదు.

అప్రూవర్ మాట

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి కేసుకు కావలసినంతే చెప్తాను. 1884 ఫిబ్రవరిలో బ్లావట్‌స్కీ, ఆవిడతో కలిసి సమాజం పెట్టిన కర్నల్ ఆల్కాట్ యూరప్ వెళ్లారు. మద్రాసులో సమాజం కేంద్రమైన అడయారు ఇంటి బాగోగులు చూసే ఎమ్మా కూలూంబ్, ఆమె భర్త అలెక్సిస్ ఇక్కడే ఉండిపోయారు. మే నెలలో సమాజం వాళ్లు ఆ దంపతులను వెళ్లగొట్టారు. సెప్టెంబరులో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో కొన్ని ఉత్తరాలు అచ్చయ్యాయి. బ్లావట్‌స్కీ తనకు రాసినవని ఎమ్మా చూపించిన ఉత్తరాలవి. మహాత్ముల లేఖలు ఎవరి ముందు ఎలా ప్రత్యక్షం కావాలో, అడయారు ఇంట్లో మహాత్ముల పటాలుంచిన బీరువాలో ఏమేం జరగాలో అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ డిసెంబరులో రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుడు లండన్ సొసైటీ తరఫున విచారణకని మద్రాసు వచ్చాడు. మరో డిసెంబరుకల్లా నివేదిక అచ్చయింది.

ఇందులో ప్రధాన సాక్షి ఎమ్మా. ఆమె చెప్పేది, మోసం జరిగింది, అందులో నా చెయ్యీ మా ఆయన చెయ్యీ ఉన్నాయి అని. కోర్టులో అయితే ఆమెను అప్రూవర్ అంటాం. 1872 నాటి సాక్ష్య చట్టం అప్పటికే మద్రాసులో అమల్లో ఉంది. దాని 114వ సెక్షన్ కింద ఉన్న (బి) ఉదాహరణ ఏ జూనియర్‌కైనా నోటికొచ్చు: నేరంలో పాలు పంచుకున్నవాడి మాటకు ముఖ్యమైన విషయాల్లో వేరే ఆధారం తోడు రాకపోతే అది నమ్మదగ్గది కాదని కోర్టు అనుకోవచ్చు. కొత్త చట్టంలో సెక్షన్ నంబరు 119కి మారింది, సారం మారలేదు. అప్రూవర్ మాట ఒక్కదాని మీదే శిక్ష వేసినా చట్టవిరుద్ధం కాదని పాత చట్టం 133వ సెక్షన్ అనేదనుకోండి. జాగ్రత్త గల జడ్జి ఎవరూ ఆ దారి తొక్కరు.

పైగా ఈ అప్రూవర్‌ని ఎవరూ క్రాస్ చేయలేదు. 1884 డిసెంబరు మహాసభ నాటికి బ్లావట్‌స్కీ అడయారు తిరిగొచ్చి, ఎమ్మా మీద దావా వేస్తానని పట్టుబట్టింది. సమాజంలో ఉన్న జడ్జీలూ వకీళ్లూ కమిటీగా కూర్చుని వద్దన్నారు. మహాత్ములను సాక్షులుగా పిలవమంటే ఏం చేస్తాం, పవిత్రమైన పేర్లు కోర్టులో నవ్వులపాలవుతాయి అని వాళ్ల భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. నా క్లయింటు అయినా అదే సలహా ఇచ్చేవాణ్నేమో. ఎమ్మా మాత్రం సమాజం పక్షాన నిలబడ్డ జనరల్ మోర్గన్ మీద పరువునష్టం కేసు పెట్టి, బ్లావట్‌స్కీ 1885 మార్చి 31న దేశం వదిలి వెళ్లిపోయాక ఉపసంహరించుకుంది. రెండు పక్షాలూ కోర్టు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినవే.

అసలు ఉత్తరాలు తనకు ఒక్కసారైనా చూపించలేదని బ్లావట్‌స్కీ చివరిదాకా మొత్తుకుంది. హాడ్జ్‌సన్ నివేదికలో మహాత్ముల లేఖల్లోంచి అక్షరాల నమూనాలు అచ్చు వేశారు గానీ, కేసుకు ప్రాణమైన ఈ ఉత్తరాల నకలు ఒక్కటి కూడా వేయలేదు. అసలు ప్రతులు ఇప్పుడు ఎక్కడా లేవు. దావాకు ఆధారమైన ప్రోనోటే ఫైల్లో లేదన్నమాట. ఆ పరిస్థితిలో "తేల్చేశారు" అంటే నేను ఒప్పుకోలేను.

మిషనరీల కుట్ర అనే వాదన మాత్రం నేను ఎత్తను. మా సమాజంలో ఏ ఉపన్యాసం విన్నా అదే పాట. బైబిలు చెప్పే కాలేజీకి, హిందూ బౌద్ధ ధర్మాలను పొగిడే రష్యన్ ఆడమనిషి కంట్లో నలుసే, కాదనను. కానీ పగవాడు తెచ్చిన కాగితం పగవాడు తెచ్చాడని అబద్ధం అయిపోదు. మన కోర్టుల్లో దావాలన్నీ పగవాళ్లు తెచ్చేవే.

ఒక ముసలాయన సంతకాలు

అప్రూవర్ మాటకు తోడు కావలసిన ఆధారం చేతిరాతలో దొరికిందని హాడ్జ్‌సన్ అంటాడు. లండన్‌లో నెదర్‌క్లిఫ్ట్ అనే చేతిరాత నిపుణుడికి కాగితాలు చూపించారు. మహాత్ముల్లో ఒకరైన కె.హెచ్. (కూట్ హూమి) లేఖలు, బ్లావట్‌స్కీ రాత వేరు వేరు చేతులవని ఆయన ముందు చెప్పాడు. మరికొన్ని నమూనాలు ఇచ్చాక, ఒకటే చెయ్యి అని మాట మార్చాడు. తర్వాత సమాజం వాళ్లు బెర్లిన్‌లో షూట్జ్ అనే నిపుణుణ్ని అడిగితే, ఈ రెండూ ఒకరి రాత అనుకోవడమే పొరపాటు అన్నాడు. ఎవరి నిపుణుడు వాళ్లకి.

దీనికి నవ్వొస్తే, మా సబ్ కోర్టులో నేను ప్రతివాది తరఫున నడిపిన ఒక ప్రోనోటు దావా వినండి. ప్రతివాది కోనసీమ రైతు, డెబ్బై దాటినవాడు. నోటు మీద సంతకం నాది కాదంటాడు. నిపుణుడు మాత్రం ఆయనదే అని రిపోర్టు ఇచ్చాడు. బోనులో ఉండగా వాది తరఫు ప్లీడరు తెల్లకాగితం ఇచ్చి మూడుసార్లు సంతకం పెట్టమన్నాడు. ముసలాయన చేతులు వణుకుతున్నాయి. మొదటిదానిలో ఇంటిపేరు పూర్తిగా రాశాడు. రెండోదానిలో పొడి అక్షరంతో సరిపెట్టాడు. మూడోదానిలో పేరు చివర 'వు' కొమ్ము రాయడమే మరిచిపోయాడు. జడ్జిగారు 73వ సెక్షన్ కింద తనే భూతద్దం పెట్టి చూసి, మూడింటినీ ముందుకీ వెనక్కీ జరిపి, "ఇవి ముగ్గురు మనుషులు పెట్టినట్టున్నాయే, ప్లీడరుగారూ" అన్నారు. కోర్టంతా గొల్లున నవ్వింది. ఆ దావా చివరికి సంతకం మీద తేలలేదు. నోటు మధ్యాహ్నం రైసుమిల్లులో రాశామని సాక్షి చెప్పాడు. రాత్రి వాది ఇంటి అరుగు మీద లాంతరు పెట్టుకుని రాశానని దస్తూరీ చెప్పాడు. అక్కడ కొట్టేశారు.

100 ఏళ్ల తర్వాత హాడ్జ్‌సన్ నివేదికను మళ్లీ తిరగేసినవాడు వెర్నన్ హారిసన్. ఆయన దివ్యజ్ఞాన సమాజం మనిషి కాదు. సైకికల్ రీసెర్చ్ సొసైటీలోనే పాత సభ్యుడు, దొంగ పత్రాలు పట్టుకోవడం తెలిసినవాడు. 1986లో ఆ సొసైటీ పత్రికలోనే రాశాడు. మహాత్ముల లేఖలను బ్రిటిష్ లైబ్రరీలో సూక్ష్మంగా పరీక్షించి, 1997లో పుస్తకం వేశాడు. హాడ్జ్‌సన్ తనకు కావలసిన సాక్ష్యం ఏరుకుని, అక్కర్లేనిది పక్కన పెట్టాడని, అది విచారణ కాదు ప్రాసిక్యూషన్ అని ఆయన ఫిర్యాదు. ఆవిడ నిర్దోషి అని మాత్రం రాయలేదు. నేరం రుజువు కాలేదని రాశాడు.

ఇక్కడ మావాళ్ల మీద నాకో కోపం ఉంది. "సొసైటీ తన తీర్పు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది" అని ప్రతి నవంబరులో జరిగే సమాజం స్థాపన దినం సభలోనూ ఎవరో ఒకరు చెప్తారు. అలాంటిదేం జరగలేదు. సంస్థగా తమకు ఏ అభిప్రాయమూ ఉండదని, రాసినవాడిదే బాధ్యత అని ఆ సొసైటీ నియమం. ఆ లెక్కన 1885 మాటా సంస్థ తీర్పు కాదు, 1986 మాటా కాదు. మనకు పనికొచ్చే నిజం ఎదురుగా ఉండగా దాన్ని సాగదీసి అబద్ధం చేయడం దేనికి? ఆ అబద్ధం ఎవడో పట్టుకుంటాడు. పట్టుకున్నవాడు హారిసన్‌ని కూడా ఇక చదవడు.

బీరువాని ధ్వంసం చేసింది ఎవరు?

ఇప్పుడు మాకు వ్యతిరేకంగా ఉన్నది చెప్తాను. 114లో (బి) ఒక్కటే లేదు, (జి) కూడా ఉంది: దాఖలు చేయగలిగిన సాక్ష్యాన్ని దాచేస్తే, అది దాచినవాడికి వ్యతిరేకమైనదే అయి ఉంటుందని కోర్టు అనుకోవచ్చు.

అడయారులో మేడమీద గదిలో ఒక చెక్క బీరువా ఉండేది. దాన్ని షరైన్ అనేవారు. లోపల మహాత్ముల పటాలు. అందులో ఉత్తరం పెడితే జవాబు వచ్చేది. బీరువా వెనక గోడ, గోడకు అవతల బ్లావట్‌స్కీ పడకగది. కూలూంబ్ దంపతులు వెళ్లగొట్టబడినప్పుడు ఆ గదిలో జరిపే పలకలు, గోడలో కన్నం కనిపించాయి. వడ్రంగం తెలిసిన అలెక్సిస్, యజమానురాలు ఊళ్లో లేని నెలల్లో కావాలని అమర్చాడని, పని సగంలో దొరికిపోయాడని మావాళ్ల కథ. మొదటినుంచీ ఉన్నవే, ఆవిడే చేయించిందని ఎమ్మా కథ. ఏది నిజమో చెప్పగలిగింది ఆ బీరువా ఒక్కటే.

ఉత్తరాలు అచ్చయ్యాక సభ్యులు కొందరు ఆ గదిలో చేరారు. ఒకాయన బీరువా వెనక అరచేత్తో చరిచి, "చూడండి, ఎంత గట్టిగా ఉందో" అన్నాడు. మధ్య పలక పైకి లేచింది. హాడ్జ్‌సన్‌కి ఈ సంగతి చెప్పింది సమాజం పెద్దల్లో ఒకరైన డాక్టర్ హార్ట్‌మన్. ఆ తర్వాత అందరూ కలిసి బీరువాని తీసేసి ధ్వంసం చేశారు. హాడ్జ్‌సన్ వచ్చేసరికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

ఇంతకన్నా తెలివితక్కువ పని ప్రపంచ చరిత్రలో ఏ ప్రతివాదీ చేసి ఉండడు. మా సమాజం చరిత్ర చెప్పేవాళ్లు ఈ ఘట్టం దగ్గరకొచ్చేసరికి గొంతు సవరించుకుని 1886కి దూకేస్తారు. అప్పుడే కట్టిన కొత్త పలక అయితే దాన్ని అలాగే సీలు వేసి పదిమంది తెల్లదొరలను పిలిచి చూపించాల్సింది. కొత్త చెక్కో పాత చెక్కో ఏ వడ్రంగైనా చెప్పేవాడు.

పళ్లేల సంగతి కూడా ఉంది. 1883 ఆగస్టులో జనరల్ మోర్గన్ బీరువా చూడ్డానికి వచ్చినప్పుడు తలుపు తీయగానే ఒక పింగాణీ పళ్లెం కిందపడి ముక్కలైంది. ముక్కలు గుడ్డలో కట్టి లోపల పెట్టి తలుపేశారు. కాసేపటికి తీస్తే పళ్లెం అతుకు లేకుండా ఉంది. హాడ్జ్‌సన్ మద్రాసు బ్రాడ్‌వేలో ఒక దుకాణం లెక్కలు తీయించాడు. అంతకు ముందు నెలలో అలాంటి పళ్లేలు జత అమ్మినట్టు దాంట్లో ఉంది. కొన్నది ఎమ్మా. ఎవరు కొనమన్నారన్నది ఆ లెక్కలో ఉండదు కదా అని నేను వాదించగలను. కానీ రెండో పళ్లెం ఎక్కడుందని జడ్జి అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

కాబట్టి అద్భుతాల కేసును నేను వదులుకుంటాను. రుజువు కాలేదు అనేంతవరకే నా బలం. మా సభల్లో చెప్పే "పైకప్పులోంచి లేఖ రాలింది" కథలు ఏ కోర్టులోనూ నిలబడవు. వాటికి ఎదురు సాక్ష్యం నిలబడకపోయినంత మాత్రాన అవి నిలబడినట్టు కాదు.

మోసానికి లాభం ఏది?

ఒక్క ప్రశ్న మాత్రం హాడ్జ్‌సన్‌నే ఇబ్బంది పెట్టింది. ఇదంతా ఆవిడ ఎందుకు చేసినట్టు? డబ్బు కోసం అనడానికి అతనికి ఆధారం దొరకలేదు. వెతికి వెతికి చివరికి రష్యా ప్రభుత్వం కోసం హిందువుల్లో బ్రిటిష్ వ్యతిరేకత పెంచడానికి అన్నాడు. అప్పట్లో ప్రతి రష్యన్‌లోనూ గూఢచారి కనిపించే రోజులు. మోటివ్ దొరక్కపోతే పోలీసువాళ్లు చార్జిషీటులో ఏదో ఒకటి రాసినట్టుంది ఇది.

మనం రోజూ టీవీలో చూసే స్వాములకూ ఈవిడకూ ఇక్కడ తేడా కనిపిస్తుంది. ఆశ్రమం పేర భూములు, కార్లు, పాదపూజకు రేటు, చివరికి ఏ ఆడపిల్లో ఫిర్యాదు. అలాంటివాళ్లను చూసీ చూసీ మనవాళ్లకు అనుమానం ముందు పుడుతోంది. అది మంచిదే. జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లలో చేతిలోంచి విబూది రాల్చి, అది ఎలా చేశారో పిల్లలకు చూపిస్తుంటే నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఒక పాతికమంది దగ్గర నెలకింత గుంజే రహస్య దీక్షలను ఎవరూ నా చేత సమర్థింపజేయలేరు.

బ్లావట్‌స్కీ 1891లో లండన్‌లో పోయేనాటికి వెనకేసిన ఆస్తి లేదు. అనీ బిసెంట్ తొలిరోజుల్లో సమాజంలో చేరతానని వస్తే, "నామీద వచ్చిన నివేదిక చదివావా? ముందు అది చదివి, తర్వాత కూడా రావాలనిపిస్తే రా" అన్న భావంతో పంపేసిందని బిసెంట్ ఆత్మకథలో ఉంది. బిసెంట్ చదివి, వెళ్లి చేరింది. మావాళ్లు దీన్ని గొప్ప రుజువుగా చెప్పుకుంటారు. నేను చెప్పను. గడుసు మోసగాళ్లు సరిగ్గా ఆ పనే చేస్తారు.

అలాగే ఆల్కాట్ పంచములకు పెట్టిన ఉచిత బడులు, అడయారు గ్రంథాలయంలో దాచిన తాళపత్రాలు, సింహళంలో బౌద్ధ పాఠశాలలు, మన మదనపల్లెలో 1915 నాటి కాలేజీ, విశాఖలో మాస్టర్ ఇ.కె. (ఎక్కిరాల కృష్ణమాచార్య) గారి బాటలో ఇప్పటికీ నడుస్తున్న ఉచిత హోమియో వైద్యం, ఇవన్నీ నేను గౌరవించేవే. కానీ మంచి పనులు మోసం లేదనడానికి సాక్ష్యం కావు. గుడికి బంగారు తొడుగు చేయించిన దొంగలు మనకు కొత్త కాదు.

సుబ్బారావు గారి కోపం

ఈ వ్యవహారంలో నాకు అందరికన్నా ఆసక్తి కలిగించే మనిషి మా ఊరివాడే. తల్లాప్రగడ సుబ్బారావు గారు 1856లో కాకినాడలో పుట్టారు. పెద్దలు పిఠాపురం సంస్థానంలో ఉద్యోగాలు చేసినవాళ్లు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, మద్రాసులో వకీలయ్యారు. 1882లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ మద్రాసు రావడానికి ఈయన పరిచయమే దారి వేసింది. ఆ మే నెలలోనే వాళ్లు బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో నెల్లూరు వైపు వచ్చి, అక్కణ్నుంచి గుంటూరు దాకా పోయి శాఖలు పెట్టారు. తెలుగునాట దివ్యజ్ఞాన సమాజం మొదలైంది అలా.

అడయారులో అద్భుతాలు జోరుగా సాగుతున్న రోజుల్లో సుబ్బారావు గారు వాటి మీద ఆసక్తి చూపలేదు. ఆయన లెక్కలో అవి చిన్నపిల్లల ఆట. మహాత్ములు ఉన్నారని మాత్రం ఆయన నమ్మకం. గొడవ బయటపడ్డాక ఆయన ఆవిడ మీద మండిపడ్డారని ఆవిడే సిన్నెట్ అనే ఇంగ్లిషు పాత్రికేయుడైన అనుచరుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. మోసం చేశావని కాదు ఆయన కోపం. చెప్పకూడని రహస్యాలు చెప్పేశావు, అంతకు మించిన నేరం లేదు అని. ఇంగ్లిషు వకీలు చదువు చదివి, మద్రాసు హైకోర్టులో మెలిగే మనిషి, బీరువా పలకను పక్కన పెట్టి అసలు తప్పు ఎక్కడుందో చూపించాడు.

ఆ మాట దగ్గరే నా వాదన నిలబడుతుంది. మన ఇళ్లలో శ్రీవిద్య ఉపాసన చేసేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. మా పెద్దనాన్నగారు తెల్లవారుజామున గది తలుపేసుకుని కూర్చునేవారు. లోపల ఏ మంత్రం చేసుకునేవారో పెద్దమ్మకే తెలియదు. ఆయన్ను ఎవరూ మోసగాడు అనలేదు. అనడానికి ఆయన ఎవరికీ ఏమీ చూపించలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. రహస్య విద్య ఇంట్లో ఉన్నంతకాలం దానిమీద మోసం కేసు పెట్టడానికి వస్తువే ఉండదు. బ్లావట్‌స్కీ దాన్ని బొంబాయి, సిమ్లా, లండన్ దొరల ముందు ప్రదర్శనకు పెట్టింది. ప్రదర్శనకు టికెట్ లేకపోయినా అనుమానం ఉంటుంది, ఉండాలి కూడా. నా దృష్టిలో ఆవిడ చేసిన నేరం అదే. అది మోసం కిందకి రాదు.

సుబ్బారావు గారు తర్వాత సిద్ధాంతం మీదే ఆవిడతో తగువు పెట్టుకున్నారు. మనిషిని ఏడు తత్త్వాలుగా విడగొట్టడం ఆవిడ లెక్క. తారక రాజయోగం చెప్పే మూడు ఉపాధులు, ఆత్మ చాలు అని ఈయన వాదన. 1887లో సమాజం పత్రికలోనే ఇద్దరూ రాసుకున్నారు. ఆవిడ తన 'సీక్రెట్ డాక్ట్రిన్' పుస్తకం రాతప్రతి చూసిపెట్టమంటే ఒప్పుకోలేదు. 1888లో సమాజానికి రాజీనామా చేశారు. 1890లో, 33 ఏళ్లకే పోయారు. ఆవిడ గుట్టు తెలిసినవాడు, ఆవిడతో విడిపోయినవాడు, నోరు తెరిస్తే కేసు ముగిసిపోయేవాడు. మోసం అని మాత్రం అనలేదు. దీన్ని నేను నిర్ణాయకమైన సాక్ష్యం అనను. తెలివైనవాళ్లు కూడా మోసపోతారు. తర్వాత కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ అంతటివాడు ముందు నమ్మి, తర్వాత విసిగి బయటికి నడిచాడు. అయినా రెండు పక్షాలూ ఎరిగిన మనిషి నడవడికకు ఏ జడ్జీ అయినా కొంత విలువ ఇస్తాడు.

అసలు చిక్కు

మా జూనియర్‌కి ఇదంతా సాయంత్రం ఆఫీసులో చెప్పాను. ఫైళ్లు సర్దుకుంటూ విన్నాడు. "బీరువా పోనివ్వండి గురువుగారూ. ఆ ఉత్తరాలు ఆవిడే రాసుకుని ఉంటే మహాత్ములు లేనట్టే కదా? వాళ్లు లేకపోతే ఆవిడ చెప్పినదానికి దిక్కెవరు?" అన్నాడు. బీరువా కన్నా పెద్ద ప్రశ్న ఇది.

పైగా ఇక్కడ అప్రూవర్ అక్కర్లేని సాక్ష్యం ఒకటుంది. 1881లో సిన్నెట్ అచ్చు వేసిన ఒక మహాత్మా లేఖలో కొన్ని పంక్తులు తనవేనని కిడిల్ అనే అమెరికన్ 1883లో బయటపెట్టాడు. 1880లో తాను ఇచ్చిన ఉపన్యాసంలోవి. పక్కపక్కన పెట్టి చూస్తే కాదనలేం. లేఖను మానసికంగా ఒక శిష్యుడికి చెప్తే అతను సరిగ్గా పట్టుకోలేకపోయాడని మహాత్ముల తరఫు వివరణ వచ్చింది. ఎన్నిసార్లు చదివినా ఈ వివరణ నాకు మింగుడు పడదు. ఇంకా, ఆవిడ పుస్తకం 'ఐసిస్ అన్‌వీల్డ్'లో ఇతరుల పుస్తకాల్లోంచి చెప్పకుండా ఎత్తిన భాగాల చిట్టా కోల్‌మన్ అనే విమర్శకుడు తీశాడు. నాకు పలక కన్నా, పళ్లెం కన్నా ఇవే బరువుగా తోస్తాయి.

మన ప్రాంతంలో మాస్టర్ ఇ.కె. గారి సంప్రదాయంలో కె.హెచ్.ని దేవాపి మహర్షి అని, మరో మహాత్ముడు మోర్యను మరువు మహర్షి అని కొలుస్తారు. ఆ పేర్లు పురాణాల్లో ఉన్నవే: కలియుగం చివర వంశాలు మళ్లీ నిలబెట్టడానికి కలాప గ్రామంలో తపస్సు చేసుకుంటున్న రాజులు. వాళ్ల ఉనికికి అడయారు బీరువాతో పని లేదు. కానీ అలా చెప్పి తప్పించుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. లేఖలు కల్పితమైతే, "మహాత్ములు చెప్పారు కాబట్టి" అనే ముద్ర పోతుంది. పోనివ్వాలి.

ముద్ర పోయాక సమాజంలో మిగిలేది ఏమిటి? చేరడానికి మహాత్ముల మీద నమ్మకం షరతు కాదు. జాతి, మతం, కులం, రంగు, ఆడ మగ తేడా లేని సోదరభావం ఒక్కటి ఒప్పుకుంటే చాలు. ఏ బోధా, ఏ గురువూ సభ్యులకు తప్పనిసరి కాదని 1924లో అడయారు పాలకమండలి తీర్మానం కూడా చేసింది. సుబ్బారావు గారు ఏడు తత్త్వాలను కాదన్నప్పుడు ఆయన్ను ఎవరూ వెలివేయలేదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారిని జగద్గురువు కాబోతున్నాడని పెంచి పెద్ద చేస్తే, ఆయన 1929లో హాలండులో వేలమంది ముందు తనకోసం పెట్టిన సంఘాన్నే రద్దు చేసి, ఇచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి ఇప్పించారు. అబద్ధం మీద బతికే దుకాణంలో ఇలాంటి సరుకు తయారు కాదు. కర్మ, పునర్జన్మ, మనిషి నిర్మాణం గురించి ఆ పుస్తకాలు చెప్పేది ఎవరు చెప్పారన్నది వదిలేసి, నిలబడుతుందా లేదా అని చదువుకోవచ్చు. సుబ్బారావు గారు 1886 మహాసభలో గీత మీద ఇచ్చిన ఉపన్యాసాలు నేను అలాగే చదువుతాను. వాటిలో ఒక్క అద్భుతం లేదు.

కుర్రాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "అయితే మీరు సమర్థించేది ఆవిణ్ని కాదు, ఆవిణ్ని తీసేయగా మిగిలినదాన్ని" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. కానీ పూర్తిగా తీసేయలేను. ఆవిడ రాకపోతే సుబ్బారావు గారు ఆ ఉపన్యాసాలు ఇచ్చేవారూ కాదు, ఎవరూ రాసుకుని అచ్చు వేసేవారూ కాదు. ఆయన వకీలుగా బతికి, విద్య తనతోనే తీసుకుపోయేవారు.

మొన్న ఆదివారం నవంబరు 17 సభకు కార్యక్రమం వేసుకుంటున్నాం. ఈసారి లేఖలు రాలిన కథలు, పళ్లెం అతుక్కున్న కథ మానేద్దాం, బీరువా ఎవరు ధ్వంసం చేశారో కూడా చెప్పి, తర్వాత గీతోపన్యాసాల్లో ఒకటి చదువుదాం అన్నాను. మా కార్యదర్శిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అద్భుతాలు తీసేస్తే జనం ఎవరొస్తారండీ?" అన్నారు.

"ఇప్పుడొచ్చేది పదిమందే కదండీ" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన కార్యక్రమంలో పళ్లెం కథ కొట్టేశారు గానీ, లేఖ కథ ఉంచారు.